ఇంటి ఓటు, ఒంటి ఓటు

2021 ఫిబ్రవరి. పంచాయతీ ఎన్నికలు. కరోనా పుణ్యమా అని ల్యాప్‌టాప్ పట్టుకుని కనిగిరి దగ్గర మా ఊళ్ళో కూర్చుని పనిచేస్తున్న రోజులవి. మా పెదనాన్న కొడుకు వార్డు మెంబరుగా నిలబడ్డాడు. మధ్యాహ్నం మూడున్నరకి పోలింగు అయిపోయింది, నాలుగింటికి లెక్కింపు మొదలైంది, చీకటి పడకముందే ఫలితం వచ్చేసింది. అన్నకి 59, అవతలాయనకి 63. నాలుగు ఓట్లతో ఓటమి.

మా వాళ్ళ లెక్క ప్రకారం రావాల్సినవి 64. ఈ 64 గాల్లో వేసిన అంకె కాదు. ముందురోజు రాత్రి వరండాలో ఓటర్ల లిస్టు పరుచుకుని, ఇంటింటికీ టిక్కులు పెట్టి, అనుమానం ఉన్నవాళ్ళని తీసేయగా మిగిలిన అంకె. మా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుల్లో ఎస్టిమేషన్లు కూడా అంత శ్రద్ధగా వేయం. అంటే ఐదు ఓట్లు "మనవి" అనుకున్నవి అటు పోయాయన్నమాట.

ఆ ఐదులో ఒకటి నాది.

అన్న ఏ పార్టీ మనిషో ఆ పార్టీకి నేను ఎప్పుడూ ఓటేసి ఎరగను. పంచాయతీ ఎన్నికల్లో పార్టీ గుర్తులుండవు కానీ ఎవరు ఎవరి మనిషో పసిపిల్లాడు కూడా చెప్తాడు. అదీకాక, అవతల నిలబడ్డ రిటైర్డ్ ఆర్టీసీ కండక్టరు గారు రెండేళ్ళ పాటు కాలనీకి మంచినీళ్ళ ట్యాంకరు కోసం ఆఫీసుల చుట్టూ తిరగడం నేను చూశాను. మా వైపు బోరు నీళ్ళలో ఫ్లోరైడు సంగతి తెలిసినవాళ్ళకి ట్యాంకరు అంటే ఏంటో వేరే చెప్పక్కర్లేదు. ఓటేసి ఇంటికొస్తే అమ్మ "ఏరా, మనోడికే గదా?" అంది. "ఆఁ" అన్నాను. ఆ సాయంత్రం అందరితో పాటు కూర్చుని అన్నని ఓదార్చాను కూడా.

రాత్రి భోజనాలయ్యాక ఐదు ఓట్ల మీద విచారణ మొదలైంది. ఇంట్లోవాళ్ళని ఎవరూ అనుమానించలేదు. అనుమానం మా పొలంలో పనికొచ్చే ఒక కాలనీ కుటుంబం మీదకి పోయింది. ఆ ఇంట్లో నాలుగు ఓట్లు. "ఇంకెవరు, ఆళ్ళే" అన్నాడు అన్న. వారం తర్వాత మిరపకాయల కోతకి వాళ్ళని పిలవలేదు.

నేనేమీ మాట్లాడలేదు. ఆ తర్వాతి సంగతి చివర్లో చెప్తాను. ఈలోపు నేను చదివి తెలుసుకున్న చరిత్ర కొంత చెప్పాలి. మా ఇంటి గొడవ కొత్తదేం కాదని, దీనికి నూటయాభై ఏళ్ళ వయసుందని నాకు ఆ చదువు వల్లే తెలిసింది.

ఓటు రహస్యంగా వేయాలనేది మొదట్నించీ ఉన్న పద్ధతి కాదు. ఇంగ్లండులో 1872 దాకా ఓటరు అందరి ముందూ నిలబడి ఎవరికి వేస్తున్నాడో నోటితో చెప్పాల్సిందే. ఎవరు ఎవరికి వేశారో పేర్లతో సహా పుస్తకాలు అచ్చేసి అమ్మేవాళ్ళు కూడా. 1868 ఎన్నికల్లో వేల్స్‌లో కొంతమంది కౌలురైతులు తమ భూస్వాములకి ఎదురు తిరిగి లిబరల్ అభ్యర్థులకి ఓటేశారు. దాంతో భూస్వాములు వాళ్ళని కౌలు భూముల్లోంచి వెళ్ళగొట్టారు. ఆ గొడవ పార్లమెంటు దాకా వెళ్ళింది. 1872లో రహస్య బ్యాలెట్ చట్టం రావడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. (ఆస్ట్రేలియాలోని విక్టోరియా వాళ్ళు 1856లోనే ఆ పని చేసేశారు.)

దీన్ని వ్యతిరేకించింది భూస్వాములొక్కరే అనుకుంటే పొరపాటు. జాన్ స్టువర్ట్ మిల్ అంతటివాడు వద్దన్నాడు. ఓటు నీ సొంత ఆస్తి కాదు, పదిమంది నీ మీద పెట్టిన బాధ్యత, కాబట్టి పదిమందికీ తెలిసేలా వేసి జవాబు చెప్పుకో అన్నది ఆయన వాదన. తమాషా ఏంటంటే ఆయన తండ్రి జేమ్స్ మిల్ రహస్య బ్యాలెట్ కావాలని గట్టిగా రాసినవాడు. తండ్రి మాట కొడుకు వినకపోవడం మన ఇళ్ళలోనే కాదన్నమాట. మిల్ వాదన మొదటిసారి చదివినప్పుడు నాకు కాస్త సిగ్గేసింది. నేను "ఆఁ" అని అబద్ధమాడింది సరిగ్గా ఆ జవాబు చెప్పుకోవాల్సిన చోటే కదా. కానీ మిల్‌కి కౌలు పోయే భయం లేదన్న సంగతి కూడా గుర్తుపెట్టుకోవాలి.

ఇక మన దగ్గరికొద్దాం. చదువురాని ఓటర్లకి రహస్య ఓటు ఎలా? దీనికి మనవాళ్ళు కనిపెట్టిన పరిష్కారం పెట్టెలు. మద్రాసు రాష్ట్రంలో 1937 ఎన్నికల్లో రంగు పెట్టెలుండేవి. కాంగ్రెసుది పసుపు రంగు పెట్టె. (అవును, పసుపే. 1982 తర్వాత పుట్టినవాళ్ళు నమ్మడం కష్టం.) స్వతంత్రం వచ్చాక 1952, 1957 సార్వత్రిక ఎన్నికలు రెండూ కూడా పెట్టెల పద్ధతిలోనే జరిగాయి. తెర వెనక ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె, దాని మీద గుర్తు. చేతికిచ్చిన కాగితం మీద ముద్ర వేసే పనే లేదు, నచ్చిన పెట్టెలో వేసి రావడమే. కొందరు పెట్టెకి దణ్ణం పెట్టారట, కొందరు అర్జీలు కూడా అందులోనే వేశారట. ఉత్తరాది రాష్ట్రాల్లో చాలామంది ఆడవాళ్ళు తమ పేరు చెప్పకుండా "ఫలానావాడి భార్య", "ఫలానావాడి తల్లి" అని రాయించుకున్నారు. అలాంటి దాదాపు 28 లక్షల పేర్లని జాబితాల్లోంచి తీసేశారు. సొంత పేరే లేని మనిషికి సొంత ఓటు ఉండదని ఎలక్షన్ కమిషన్ అప్పుడే గ్రహించింది.

ఆ 1952లోనే మన రాజకీయాల్లో ఇంటికీ, నమ్మకానికీ మధ్య పెద్ద పోటీ అనంతపురంలో జరిగింది. కాంగ్రెసు తరఫున నీలం సంజీవరెడ్డి. కమ్యూనిస్టు పార్టీ తరఫున తరిమెల నాగిరెడ్డి. సంజీవరెడ్డి గారి భార్య నాగరత్నమ్మ గారు నాగిరెడ్డి తోబుట్టువు. అంటే స్వయానా బావా బావమరుదులు మద్రాసు శాసనసభ సీటుకి ఎదురెదురుగా నిలబడ్డారు. బావమరిది గెలిచాడు. ఓడిన బావ తర్వాత 1956లో ఆంధ్రప్రదేశ్ మొదటి ముఖ్యమంత్రి, 1977లో రాష్ట్రపతి అయ్యాడు. గెలిచిన బావమరిది పార్లమెంటుకీ, మళ్ళీ శాసనసభకీ వెళ్ళి, 1969లో ఆ సభ్యత్వం వదిలేసి విప్లవోద్యమంలోకి పోయి, 1976లో ఎమర్జెన్సీ కాలంలో అజ్ఞాతంలో ఉండగానే చనిపోయాడు. బాగా కలిగిన కుటుంబంలో పుట్టి తన వర్గానికే ఎదురు తిరిగినవాడు ఆయన.

వీళ్ళిద్దరి గురించి చాలామంది రాశారు. నేను మాత్రం ఆ రెండిళ్ళతో చుట్టరికం ఉన్న మామూలు జనం గురించి ఆలోచిస్తుంటాను. ఆడపడుచు అత్తవారింటి వైపా, పుట్టింటి వైపా? పెళ్ళికీ పేరంటానికీ రెండిళ్ళకీ వెళ్ళాల్సిన మేనత్తలు, పిన్నమ్మలు, వియ్యంకులు ఎంతమంది ఉండుంటారు? వాళ్ళలో ఎవరు ఏ పెట్టెలో వేశారన్నది వాళ్ళతోనే పోయింది. అలా పోయే హక్కు వాళ్ళకి చట్టం ఇచ్చింది. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 94వ సెక్షను ఏమంటుందంటే, ఎవరికి ఓటేశావో చెప్పమని ఏ సాక్షినీ ఎవరూ బలవంతం చేయకూడదు. కోర్టులో ప్రమాణం చేసిన మనిషిని కూడా అడగకూడదు. మా అమ్మ అడిగింది కానీ, ఆ సెక్షను అమ్మలకి వర్తించదు లెండి.

మా ఇంట్లో కూడా ఒక చిన్న అనంతపురం ఉండేది. తాత కాంగ్రెసు, చిన్నతాత కమ్యూనిస్టు. ఒకే వాకిలి, ఒకే పొయ్యి. మా కనిగిరి అప్పట్లో నెల్లూరు జిల్లా. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడ్డాకే ఇటు కలిసింది, 1972లో ఆ జిల్లాకి ప్రకాశం పేరు పెట్టారు. 1955 ఆంధ్ర రాష్ట్ర ఎన్నికలప్పుడు అన్నదమ్ములిద్దరికీ మాటల్లేవని, ఇద్దరూ వేరువేరు వేళల్లో భోజనానికి వచ్చేవాళ్ళని నాయనమ్మ చెప్పేది. ఇద్దరికీ వడ్డించేది ఆవిడే. ఓటెవరికని ఇద్దరూ ఆవిడని అడగలేదట, ఎందుకంటే ఇద్దరూ తమకేనని అనుకున్నారు. మేం అడిగితే నవ్వి ఊరుకునేది.

ఆ 1955 ఎన్నికల్లో కమ్యూనిస్టులకి 196 సీట్లలో 15 వచ్చాయి. అందరికీ గుర్తున్నది ఈ అంకే, "తుడిచిపెట్టుకుపోయారు" అని. కానీ పడ్డ ఓట్లలో వాళ్ళకి నూటికి 31 దాకా వచ్చాయి. అవతల కాంగ్రెసు, కృషికార్ లోక్ పార్టీ, ప్రజా పార్టీ అన్నీ కలిసి ఒకటిగా నిలబడ్డాయి కాబట్టి సీట్లు అలా పోయాయి. నూటికి 31 అంటే ప్రతి మూడో ఓటు. ఊళ్ళో పెద్దలు, కులం పెద్దలు, ఇంటి పెద్దలు చాలాచోట్ల ఒక వైపే చెప్తున్నప్పుడు ఆ మూడో ఓటు వేసిందెవరు? అందరూ జెండా పట్టుకు తిరిగిన కార్యకర్తలేనంటే నేను నమ్మను. మా నాయనమ్మలాంటివాళ్ళూ ఉండే ఉంటారు. (మా నాయనమ్మ ఓటు ఎటో చెప్తున్నాననుకునేరు, నాకు నిజంగా తెలీదు.)

పెట్టెల పద్ధతిలో ఒక పెద్ద లోపం ఉండేది. కాగితాన్ని పెట్టెలో వేయకుండా జేబులో పెట్టుకుని బయటికి తెచ్చి అమ్ముకోవచ్చు, కొన్నవాడు అన్నీ కలిపి తన పెట్టెలో వేయించుకోవచ్చు. అందుకని 1960ల మొదట్లో ముద్ర వేసే బ్యాలెట్ వచ్చింది, 1962 ఎన్నికల నాటికి అదే మామూలైంది. అయినా ఇంకో చిక్కు మిగిలింది. ఏ బూత్ పెట్టెని ఆ బూత్‌గా లెక్కిస్తే, ఏ ఊరు ఎటు వేసిందో తెలిసిపోతుంది. మనిషి ఓటు రహస్యమే, ఊరి ఓటు బహిరంగం. అందుకని 1970ల నుంచి కాగితాలని కట్టలు కట్టి, పెద్ద డ్రమ్ములో పోసి, అన్ని బూత్‌లవీ కలిపేశాక లెక్కించడం మొదలుపెట్టారు. చూడ్డానికి మొరటు పనే, కానీ డేటా ప్రైవసీ అంటూ ఇవాళ మనం పెద్ద పెద్ద పేర్లు పెట్టుకుని చేసే పని అదే. పేరు తీసేస్తే చాలదు, చిన్న గుంపుని పెద్ద గుంపులో కలిపితేనే మనిషి దాక్కోగలడు.

ఆ తర్వాత మన వృత్తివాళ్ళు రంగంలోకి దిగారు. బెంగుళూరు బీఈఎల్, మన హైదరాబాదు ఈసీఐఎల్ తయారుచేసిన ఓటింగ్ యంత్రాలు 2004 లోక్‌సభ ఎన్నికలకి దేశమంతా వచ్చాయి. రిగ్గింగు తగ్గింది, చెల్లని ఓట్లు పోయాయి, లెక్కింపు పూటలో అయిపోతోంది. ఇవన్నీ మంచివే, నేను యంత్రాలని తిట్టే బాపతు కాదు. కానీ డ్రమ్ము పోయింది. ఒక్కో యంత్రం ఒక్కో బూత్ అంకె చెప్తుంది. ఫారం 20 అని బూత్‌ల వారీ పట్టిక ఎవరైనా దింపుకోవచ్చు. 1970ల్లో మూసిన కిటికీని మళ్ళీ తెరిచి పెట్టాం, అదీ పొరపాటున.

ఇది ఎలక్షన్ కమిషన్‌కి తెలియక కాదు. 2008లోనే "టోటలైజర్" అని ఒక పరికరం ప్రతిపాదించింది. 14 బూత్‌ల యంత్రాలని ఒకదానికి కలిపి మొత్తం అంకె మాత్రమే చూపిస్తుంది. డ్రమ్ముకి ఎలక్ట్రానిక్ రూపం అనుకోండి. 2015లో లా కమిషన్ తన 255వ నివేదికలో ఇది పెట్టమంది. కేంద్రం ఒప్పుకోలేదు. బూత్‌ల వారీ అంకెలు తెలిస్తే అభ్యర్థులు తాము ఎక్కడ వెనకబడ్డారో చూసుకుని అక్కడ బాగా పనిచేస్తారన్నది చెప్పిన కారణం. వినడానికి బాగానే ఉంది. 2019లో మేనకా గాంధీ గారు సభలోనే చెప్పారు, ఊళ్ళు వేసిన ఓట్లని బట్టి ఏ, బీ, సీ, డీ అని గ్రేడులిస్తామని, పనులు ఆ వరసలో జరుగుతాయని. కమిషన్ ఆవిడని మందలించింది. (ఆవిడా, సోనియా గాంధీ తోడికోడళ్ళు, చెరో పార్టీ. మన విషయానికి సరిగ్గా సరిపోయే ఇల్లే.)

ఇంతకీ పెద్ద ఇళ్ళ సంగతేంటి? మా పాత జిల్లా మొదలుకుని చూద్దాం. కారంచేడు దగ్గుబాటి వారిల్లు. వెంకటేశ్వరరావు గారు ఎన్టీఆర్ అల్లుడు, చంద్రబాబు తోడల్లుడు. 1995 ఆగస్టులో మామ ముఖ్యమంత్రి పదవి పోయినప్పుడు ముందు తోడల్లుడి వైపు ఉన్నారు, తర్వాత మామ వైపు వచ్చారు. 2004లో భార్య పురంధేశ్వరి గారు తండ్రి జీవితమంతా ఎదిరించిన కాంగ్రెసు నుంచి బాపట్లలో నిలబడి గెలిచారు. ఓడింది తెలుగుదేశం అభ్యర్థి, నిర్మాత రామానాయుడు గారు. ఆయనదీ కారంచేడే, ఆయనా దగ్గుబాటే. 2019లో భర్త పర్చూరులో వైఎస్సార్ కాంగ్రెసు, భార్య విశాఖలో బీజేపీ, ఇద్దరూ ఓడిపోయారు. 2024లో ఆవిడ రాజమండ్రిలో గెలిచారు, చెల్లెలి భర్త చంద్రబాబు పార్టీతో పొత్తులో. మొత్తం ముప్ఫై ఏళ్ళు. అన్నీ తిరిగి మళ్ళీ ఒకే వేదిక మీదకి.

అదే 2024లో విజయవాడలో కేశినేని అన్నదమ్ములు నాని, చిన్ని ఎదురెదురుగా పోటీపడ్డారు, తమ్ముడు గెలిచాడు. కడపలో షర్మిల అన్న పార్టీ మీద కాంగ్రెసు నుంచి దిగితే, తల్లి విజయమ్మ కూతురికి ఓటేయమని వీడియోలో అడిగారు, మేనత్త విమలమ్మ షర్మిలనే తప్పుబట్టారు. ఒక తల్లి ఇద్దరు పిల్లల్లో ఒకరి వైపు నిలబడి ఊరందరికీ చెప్పాల్సి రావడం నాకు చూడబుద్ధి కాలేదు. కానీ ఒక సంగతి ఒప్పుకోవాలి, ఆవిడ దాచలేదు. మిల్ ఉంటే మెచ్చుకునేవాడు.

వీళ్ళందరూ బహిరంగంగా చీలిపోగలరు. చీలిపోయినా ఎవరి పొలానికీ నీళ్ళు ఆగవు, ఎవరి కూలీ పోదు, పదేళ్ళకి కలిసిపోతే పాత మాటలు ఎవరూ గుర్తుచేయరు. వాళ్ళని నమ్మి ఊళ్ళల్లో మాటలు మానేసుకున్నవాళ్ళు మాత్రం అలాగే ఉండిపోతారు. మా పక్క వీధిలో 1995 నుంచి పలకరింపుల్లేని అన్నదమ్ములున్నారంటే నమ్ముతారా?

సరే, నా సంగతి. మూడేళ్ళు నోరు మూసుకున్నాను. నా ఒక్క ఓటు ఇటు పడినా 60-62, ఓటమే కదా అని ఎన్నిసార్లు లెక్కేసుకున్నానో. లెక్క తప్పు కాదు, కానీ ఆ లెక్క కాలనీ వాళ్ళకి కోత పనిని తిరిగి తెచ్చిపెట్టలేదు. 2024 మే 13న ఓటేయడానికి ఊరెళ్ళినప్పుడు ఆ సాయంత్రం అన్నతో చెప్పేశాను. కొడతాడేమో అనుకున్నా. చాలాసేపు రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాడు. "ఇప్పుడెందుకు చెప్పావురా?" అన్నాడు. కాసేపాగి, "ఆళ్ళకి చెప్పావా?" అన్నాడు.

చెప్పలేదు. మర్నాడు పొద్దున కాలనీకి వెళ్ళాను. కొడుకూ కోడలూ హైదరాబాదులో మేస్త్రీ పనికి పోయారు, ముసలామె ఒక్కతే ఉంది. విషయం చెప్పాను, అనుమానం మీ మీదకి పోయినప్పుడు నేను నోరెత్తలేదని కూడా చెప్పాను. ఆమె ఆశ్చర్యపోలేదు, కోప్పడలేదు.

"మేం నాలుగూ మీ అన్నకే ఏశాం నాయనా. మీ ఇంటికాడ మాటిచ్చాం గదా" అంది. తర్వాత బిందె ఇటు జరుపుకుంటూ, "కండకటరు గెలవాలనే ఉండె మాకు. నీళ్ళ కోసం తిరిగినోడు" అంది.

ఇంటికొచ్చి అన్నకి ఆమె చెప్పింది చెప్పినట్టు చెప్పాను. ఆ ఏడు మిరప కోతకి అన్న తనే వెళ్ళి పిలిచాడు. అప్పటికి రాగలిగింది ముసలామె ఒక్కతే, ఆమెకి వంగలేనంత నడుము నొప్పి.